బీప్ అనే టైమర్: ఈ నెల మీ ఇంట్లోనే ఒక ల్యాబ్ పీరియడ్



సైన్స్ ఫెయిర్ దగ్గర పడిందంటే చాలా ఇళ్లలో ఒకటే హడావుడి. "రేపు ప్రాజెక్ట్ తీసుకెళ్లాలి" అని పిల్లలు రాత్రి తొమ్మిదింటికి చెబుతారు. పొద్దున్నే షాపుకెళ్లి తయారుగా ఉన్న మోడల్ ఒకటి కొని, దాంతో పాటు ఇచ్చిన కాగితం బట్టీ పట్టించి పంపిస్తాం. స్టాల్ ముందు నిలబడి పిల్లలు గడగడా అప్పజెబుతారు. "ఈ తీగ తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగామా, నోట మాట రాదు. వాళ్ల తప్పేం లేదు. ఆ తీగ వాళ్లు పెట్టింది కాదు కదా.

అందుకని ఈ నెల ఈ పేజీలో, ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎవరైనా సొంతంగా చేయగలిగే చిన్న సర్క్యూట్ ఒకటి ఇస్తున్నాం. బటన్ నొక్కి వదిలితే పదకొండు సెకన్ల తర్వాత బీప్ అని మోగే టైమర్ ఇది. సోల్డరింగ్ అక్కర్లేదు, గోడ ప్లగ్గు అక్కర్లేదు, కోడింగ్ అసలే అక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. మీకు ఎలక్ట్రానిక్స్ రాకపోయినా ఇబ్బంది లేదు. రాకపోతే ఒక విధంగా మంచిదే, పిల్లల చేతిలోంచి లాక్కుని మీరే చేసేయకుండా ఉంటారు.

"ఇంత ఫీజు కడుతున్నాం, ఇది స్కూల్లోనే చేయించొచ్చు కదా?" అని మీకు అనిపించవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. స్కూల్లో చేయిస్తాం కూడా. కానీ నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక్కో బోర్డు చుట్టూ ఐదారుగురు కూర్చున్నప్పుడు తీగలు పెట్టేది ఒకరే, మిగతావాళ్లు చూస్తూ ఉంటారు. మోగకపోతే ఎందుకు మోగలేదో వెతికే తీరిక ఉండదు. టీచరే వచ్చి సరిచేసి పక్క బల్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. ఆ వెతికే అరగంట ఇంట్లోనే దొరుకుతుంది, అసలు నేర్చుకునేది ఆ అరగంటలోనే.

లోపల జరిగేది

ఈ టైమర్‌కి గుండెకాయ లాంటిది 555 అనే ఐసీ. ఎనిమిది పిన్నులతో చిన్న నల్ల పురుగులా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన హాన్స్ కామెన్‌జింద్ అనే ఇంజినీరు 1971లో సిగ్నెటిక్స్ అనే కంపెనీ కోసం దీన్ని డిజైన్ చేశారు. 1972లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటి వస్తువులు ఎన్నో మ్యూజియంలకు చేరినా ఇది మాత్రం ఇప్పటికీ తయారవుతూనే ఉంది. దీని లోపల వరసగా మూడు 5 కిలో ఓంల రెసిస్టర్లు ఉంటాయి. అందుకే 555 అనే పేరు వచ్చిందని చాలాచోట్ల రాస్తారు. రెసిస్టర్లు ఉన్న మాట నిజమే కానీ, పేరు అలా రాలేదనీ, కంపెనీలో మార్కెటింగ్ చూసే ఆయన ఆ నంబరు ఎంచుకున్నారనీ కామెన్‌జిందే చెప్పారు. పిల్లలకి ఈ సంగతి చెప్పండి, క్విజ్ పుస్తకాల్లో తప్పు పట్టుకోవడం వాళ్లకి మహా సరదా.

ఇది పని చేసే తీరు చెప్పడానికి నీళ్ల పోలిక బాగుంటుంది. పక్కపక్కన రెండు డ్రమ్ములున్నాయనుకోండి. ఒకటి ఎప్పుడూ నిండుగా ఉండేది, అది బ్యాటరీ. రెండోది ఖాళీ, అది కెపాసిటర్. రెండింటినీ అడుగున ఒక సన్న గొట్టంతో కలిపాం, ఆ గొట్టమే రెసిస్టర్. మొదట్లో నీళ్లు జోరుగా వస్తాయి. రెండో డ్రమ్ములో మట్టం పెరిగేకొద్దీ ధార నెమ్మదిస్తుంది. గొట్టం సన్నదైనా, డ్రమ్ము పెద్దదైనా నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. 555 చేసే పనల్లా ఆ రెండో డ్రమ్ము మీద కన్నేసి ఉంచడం. మట్టం మూడింట ఒక వంతు కన్నా తక్కువ ఉంటే తన 3వ పిన్నుని పైకి, అంటే బ్యాటరీ ప్లస్ వైపుకి ఎత్తి పెడుతుంది. మూడింట రెండు వంతులు దాటగానే ఆ పిన్నుని మైనస్ వైపుకి దించేస్తుంది.

బజర్‌ని బ్యాటరీ ప్లస్‌కీ, ఈ 3వ పిన్నుకీ మధ్య పెడతాం. పిన్ పైన ఉన్నంతసేపూ బజర్‌కి రెండు వైపులా ఒకే ఎత్తు, కాబట్టి కరెంటు పారదు. పిన్ కిందికి దిగగానే ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం, బజర్ మోగుతుంది. బటన్ నొక్కామంటే రెండో డ్రమ్ముని ఒక్కసారిగా ఖాళీ చేసినట్టు. మళ్లీ మొదటి నుంచి నిండాలి. అపార్ట్‌మెంట్లలో ట్యాంకు నిండగానే కూతపెట్టే అలారం చూసి ఉంటారు. అక్కడ నిండేది నీళ్లు, ఇక్కడ నిండేది విద్యుత్ ఆవేశం.

ఏం కొనాలి

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. మిగతా ఊళ్లలో రేడియో, టీవీ రిపేరు సామాను అమ్మే షాపుల్లో అడగండి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. షాపుని బట్టి ధర మారుతుంది కానీ మొత్తం కలిపి మామూలుగా మూడు వందల రూపాయల లోపే. వీలైతే కొనడానికి పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. చీటీ వాళ్లనే రాయమనండి, షాపతనితో వాళ్లనే మాట్లాడనివ్వండి.

చీటీలో ఉండాల్సినవి: 555 ఐసీ రెండు (ఒకటి పాడైతే ఆదివారం సాయంత్రం ఎక్కడికి పరిగెడతాం?), చిన్న బ్రెడ్‌బోర్డ్ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్, పుష్ బటన్, కాస్త సింగిల్ స్ట్రాండ్ వైరు లేదా జంపర్ వైర్లు. రెసిస్టర్లలో 100 ఓంలు, 100 కిలో ఓంలు, 470 కిలో ఓంలు, 1 మెగా ఓం, ఒక్కోటి రెండేసి. కెపాసిటర్లలో 100 మైక్రోఫారడ్ 25 వోల్టులది రెండు, 103 అని రాసి ఉండే బిళ్ల కెపాసిటర్ ఒకటి. చివరగా బజర్. ఇక్కడ ఒక జాగ్రత్త. బజర్లలో రెండు రకాలున్నాయి. బ్యాటరీకి తగిలించగానే తనంతట తాను మోగేది యాక్టివ్ బజర్, మనకి కావాల్సింది అదే. రెండో రకం టిక్కుమని ఊరుకుంటుంది. "3 నుంచి 24 వోల్టుల బజర్" అని అడిగి, షాపులోనే బ్యాటరీకి పెట్టి వినిపించమనండి. 5 వోల్టులకే తయారైన బజర్ ఇస్తే వద్దనండి, 9 వోల్టుల మీద అది పాడయ్యే అవకాశం ఉంది.

మొదలుపెట్టే ముందు పెద్దవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని. ఈ సర్క్యూట్‌కి 9 వోల్టుల బ్యాటరీ తప్ప ఇంకేదీ వాడనివ్వొద్దు. గోడ సాకెట్ వద్దు, పాత మొబైల్ ఫోన్లలోంచి తీసిన బ్యాటరీ అసలే వద్దు. 9 వోల్టుల బ్యాటరీని తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేసుకోకూడదు, రెండు కొనలూ కలిసి వేడెక్కుతుంది. డబ్బా ఆకారంలో ఉండే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కి ప్లస్, మైనస్ ఉంటాయి. గీత ఉన్న వైపు మైనస్. తిరగేసి పెడితే వేడెక్కి పగలవచ్చు, కాబట్టి బ్యాటరీ తగిలించే ముందు ఈ ఒక్కటీ మీరు కూడా చూడండి. ఇంట్లో పాకే పిల్లలుంటే సామానంతా ఒక స్టీలు పళ్లెంలో పెట్టుకుని పని చేయమనండి. కింద పడ్డ రెసిస్టర్ నేరుగా నోట్లోకే వెళ్తుంది.

తీగలు పెట్టడం

బ్రెడ్‌బోర్డ్ మధ్యలో ఒక కాలువ ఉంటుంది. దానికి అటూ ఇటూ ఉన్న నిలువు వరసల్లో ఐదేసి రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి. అంచుల్లో ఎరుపు, నీలం గీతల పక్కనున్న పొడుగు వరసలు ప్లస్, మైనస్‌ల కోసం. కొన్ని బోర్డుల్లో ఈ పొడుగు వరస మధ్యలో తెగి ఉంటుంది. గీత మధ్యలో ఆగిందేమో చూసుకోండి, ఆగితే చిన్న తీగతో కలపాలి.

ఐసీని కాలువకి అడ్డంగా, సగం పిన్నులు అటూ సగం ఇటూ ఉండేలా గుచ్చాలి. దాని ఒక చివర చిన్న గాడి ఉంటుంది. ఆ గాడి ఎడమ చేతి వైపు వచ్చేలా పెడితే, కింది వరసలో ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4. పై వరసలో కుడి నుంచి ఎడమకి 5, 6, 7, 8. ఈ లెక్క పిల్లల చేత కాగితం మీద గీయించి బోర్డు పక్కన పెట్టించండి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ఇక తీగలు. 1వ పిన్ మైనస్‌కి. 8వ పిన్ ప్లస్‌కి, 4వ పిన్ కూడా ప్లస్‌కి. 2నీ 6నీ ఒక తీగతో కలపాలి, మట్టం చూసే కళ్లు ఈ రెండే. 100 కిలో ఓంల రెసిస్టర్ (గోధుమ, నలుపు, పసుపు పట్టీలు ఉన్నది) ఒక కొన ప్లస్‌కి, రెండో కొన 6వ పిన్నుకి. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్లస్ కాలు 2వ పిన్నుకి, గీత ఉన్న కాలు మైనస్‌కి. బటన్ ఒక వైపు 2వ పిన్నుకి. రెండో వైపు నుంచి 100 ఓంల రెసిస్టర్ (గోధుమ, నలుపు, గోధుమ) మీదుగా మైనస్‌కి. బజర్ ఎర్ర తీగ ప్లస్‌కి, నల్ల తీగ 3వ పిన్నుకి. 103 బిళ్ల కెపాసిటర్ 5వ పిన్నుకీ మైనస్‌కీ మధ్య. దీనికి ప్లస్, మైనస్ తేడా లేదు. 7వ పిన్ ఖాళీ.

అన్నీ అయ్యాక, బ్యాటరీ తగిలించక ముందు, ఒక్కో తీగనీ వేలు పెట్టి చూపిస్తూ పైకి చదవమనండి. ఆ తర్వాతే బ్యాటరీ. తగిలించగానే నిశ్శబ్దం. పది సెకన్లు అటూ ఇటూ దాటాక బజర్ మోగుతుంది, మోగుతూనే ఉంటుంది. బటన్ నొక్కితే ఆగుతుంది. వదిలిన క్షణం నుంచి మళ్లీ లెక్క మొదలు.

లెక్క పదకొండు, గడియారం ఇంకేదో

ఈ సర్క్యూట్‌కి సూత్రం చాలా చిన్నది. సమయం = 1.1 × నిరోధం × కెపాసిటర్ విలువ. 100 కిలో ఓంలంటే లక్ష ఓంలు, 100 మైక్రోఫారడ్ అంటే ఫారడ్‌లో పదివేలవ వంతు. రెండూ గుణిస్తే పది, 1.1తో గుణిస్తే పదకొండు సెకన్లు. ఆ 1.1 ఎక్కడిదని పిల్లలు అడిగితే, మూడుకి సహజ లాగరిథమ్ 1.0986, దాన్నే 1.1 అనుకుంటున్నామని చెప్పండి. ఎందుకు లాగరిథమ్ వచ్చిందో ఇంటర్‌లో తెలుస్తుంది, కంగారు లేదు.

ఇప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి కొలవమనండి. బటన్‌ని ఒక సెకను పాటు గట్టిగా నొక్కి, వదిలినప్పుడు స్టాప్‌వాచ్ మొదలు, బీప్ వినగానే ఆపడం. ఐదుసార్లు కొలిచి ఐదూ రాయాలి. పదకొండు రావడం అరుదు. ఉదాహరణకి 12.6, 12.5, 12.7, 12.6, 12.6 వచ్చాయనుకోండి.

అప్పుడు చాలామంది పిల్లలు ఏం చేస్తారో మాకు తెలుసు. నోట్సులో "11 సెకన్లు" అని రాసేస్తారు. లెక్క ప్రకారం వచ్చేది అదే కాబట్టి, కొలిచింది తమ చేతి తప్పనుకుంటారు. ప్రాక్టికల్ రికార్డుల్లో అన్ని రీడింగులూ పుస్తకంలో ఉన్నట్టే అచ్చుగుద్దినట్టు ఉండడం మనందరం చూసిందే. మనం చదువుకున్న రోజుల్లోనూ అంతే. మార్కులు పోతాయన్న భయం అలా రాయిస్తుంది. ఇంట్లో ఆ భయం లేదు. కాబట్టి దయచేసి 12.6ని 12.6గానే రాయనివ్వండి. "లెక్క తప్పిందా?" అనొద్దు. "ఐదుసార్లూ దగ్గరదగ్గరగానే వచ్చిందే, మరి పదకొండు ఎందుకు రాలేదు?" అని అడగండి.

అసలు ఆట ఇక్కడ మొదలవుతుంది. చేతి పొరపాటే అయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే అంత తేడా వస్తోందంటే కారణం బోర్డు మీదే ఉంది. రెసిస్టర్ చివరి పట్టీ బంగారు రంగులో ఉంటే దాని విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని అర్థం. ఈ డబ్బా కెపాసిటర్లకి సాధారణంగా 20 శాతం వరకు తేడా ఉంటుంది. అంటే మీద 100 అని రాసి ఉన్నా లోపల 80 నుంచి 120 దాకా ఏదైనా ఉండొచ్చు. ఇప్పుడు లెక్కని తిరగేయమనండి. 12.6ని 1.1తో, లక్షతో భాగిస్తే సుమారు 114.5 మైక్రోఫారడ్ వస్తుంది. రెసిస్టర్ సరైనదే అనుకుంటే మన కెపాసిటర్ అసలు విలువ అది. మీటర్ లేకుండానే పిల్లలు ఒక కెపాసిటర్‌ని కొలిచేశారన్నమాట! నోట్సులో పదకొండు అని రాసి ఉంటే ఈ 114.5 ఎప్పటికీ బయటపడేది కాదు.

తర్వాత 100 కిలో ఓంలు తీసి 470 కిలో ఓంలది (పసుపు, ఊదా, పసుపు) పెట్టమనండి. పెట్టక ముందే ఎంత వస్తుందో రాయించండి. ఈసారి పుస్తకం లెక్క ప్రకారం కాదు, తాము కొలిచిన దాన్ని బట్టి: 12.6 × 4.7, అంటే సుమారు 59 సెకన్లు. ఆ తర్వాత 1 మెగా ఓం (గోధుమ, నలుపు, ఆకుపచ్చ), 126 సెకన్లు. కొలిస్తే వీటిలో ఊహించినదానికన్నా కాస్త ఎక్కువ రావచ్చు. రెసిస్టర్ల తేడా కొంత. మిగతాది లీకేజీ. డబ్బా కెపాసిటర్ చిల్లు పడిన డ్రమ్ము లాంటిది. పై నుంచి నీళ్లు వస్తున్నా అడుగున చుక్కచుక్కగా పోతూనే ఉంటాయి. గొట్టం లావుగా ఉన్నప్పుడు ఆ చుక్కలు లెక్కలోకి రావు, గొట్టం సన్నబడేకొద్దీ తెలుస్తాయి. చాలా రోజులు షాపులో పడి ఉన్న కెపాసిటర్‌కి మొదట్లో ఈ లీకేజీ ఎక్కువగా ఉండి, కాసేపు వాడాక తగ్గుతుంది. అందుకే మొట్టమొదటి రీడింగు మిగతావాటికన్నా ఎక్కువ వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. దాన్నీ రాయమనండి.

ఇక్కడిదాకా వచ్చాక మీకో ఆలోచన రాకమానదు: 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 1100 సెకన్లు, అంటే పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది కదా, చదువుకునేటప్పుడు టైమర్‌గా పనికొస్తుంది కదా అని. పెట్టి చూడండి. ఎంతో ఆలస్యంగా మోగవచ్చు, అసలు మోగకపోనూవచ్చు. మూడింట రెండు వంతుల మట్టం దగ్గర ఆ 1 మెగా ఓం గుండా వచ్చే కరెంటు 3 మైక్రో ఆంపియర్లే. అంత పెద్ద కెపాసిటర్ లీకేజీ దాన్ని మించితే డ్రమ్ము ఆ గీత దాకా నిండనే నిండదు. వచ్చేదీ పోయేదీ సమానమైన చోట మట్టం నిలిచిపోతుంది. ఓం నియమం చదివిన తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆ 3 మైక్రో ఆంపియర్లు ఎలా వచ్చాయో సొంతంగా లెక్కగట్టగలరు: 9 వోల్టుల్లో మిగిలింది 3 వోల్టులు, దాన్ని పది లక్షల ఓంలతో భాగించాలి.

మరి ఎక్కువ సమయం కావాలంటే? ఇంజినీర్లు పెద్ద డ్రమ్ము కోసం వెతకరు. చిన్న చెంబుతో వేలసార్లు ముంచి లెక్కపెడతారు. మీ గోడ మీది క్వార్ట్జ్ గడియారం చేసేది అదే. దానిలోని స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యని రెండుతో పదిహేనుసార్లు భాగిస్తే సరిగ్గా ఒకటి. ఘాతాంకాలు నేర్చుకుంటున్న ఎనిమిదో తరగతి పిల్లల చేత ఈ భాగహారం చేయించండి, 2కి 15వ ఘాతం ఎందుకు నేర్చుకోవాలో ఒక కారణం కనబడుతుంది.

ఇంకో చిన్న ప్రయోగం కూడా ఉంది. 9 వోల్టుల బ్యాటరీ తీసేసి, నాలుగు పెన్సిల్ సెల్స్ వరసగా పెట్టి 6 వోల్టులు ఇవ్వండి. సమయం తగ్గుతుందా, పెరుగుతుందా అని ముందే పందెం వేసుకోండి. బజర్ శబ్దం మెత్తబడుతుంది, సమయం మాత్రం దాదాపు మారదు. 555 చూసేది ఇన్ని వోల్టులని కాదు, బ్యాటరీలో మూడింట రెండు వంతులని. బ్యాటరీ తగ్గితే గీత కూడా దాంతో పాటే దిగుతుంది. లోపలి ఆ మూడు రెసిస్టర్లు ఉన్నది ఇందుకే. బ్యాటరీ నీరసించినా టైమర్ తప్పదు.

మోగకపోతే

మొదటిసారి మోగకపోవడం మామూలే. "మోగట్లేదు నాన్నా!" అని పిలుపు వస్తుంది. వెళ్లి తీగలు పీకొద్దు. "ఎంతవరకు చూశావమ్మా?" అని అడిగి పక్కన కూర్చోండి. లక్షణాన్ని బట్టి కారణం ఊహించడం డాక్టర్ పని లాంటిది.

బ్యాటరీ పెట్టగానే మోగి, బటన్ వదిలిన వెంటనే మళ్లీ మోగుతోందంటే డ్రమ్మే లేదన్నమాట, కెపాసిటర్ కాలు వేరే రంధ్రంలో ఉంది. ఎంతసేపు చూసినా మోగకపోతే అనుమానితులు ముగ్గురు. గొట్టం తగల్లేదు, అంటే 100 కిలో ఓంల రెసిస్టర్ ఊడింది. లేదా బజర్ తిరగబడింది. లేదా బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంది. నాలుగు కాళ్ల పుష్ బటన్లలో రెండేసి కాళ్లు లోపల ముందే కలిసి ఉంటాయి. తొంభై డిగ్రీలు తిప్పి పెడితే నొక్కకపోయినా నొక్కినట్టే. ఈ ముగ్గురిలో ఎవరో తేల్చడానికి 3వ పిన్నుకి ఉన్న బజర్ నల్ల తీగ తీసి నేరుగా మైనస్‌కి పెట్టమనండి. మోగితే బజర్ నిర్దోషి, అనుమానం సగానికి తగ్గింది. తర్వాత బటన్ పూర్తిగా పీకేసి ఇరవై సెకన్లు ఆగి చూడాలి. ఐసీని వేలితో తాకితే వేడిగా ఉందంటే మాత్రం వెంటనే బ్యాటరీ తీసేయాలి. ప్లస్, మైనస్ తారుమారయ్యాయి, లేదా ఐసీ గాడి అటు తిరిగింది.

అరగంట వెతికినా దొరక్కపోతే బోర్డుని అలాగే ఫొటో తీసి, బ్యాటరీ ఊడదీసి, సోమవారం స్కూలుకి పంపండి. సరిచేసి పంపమని కాదు. ఏమేం చూశారో, ఏం తేలిందో పిల్లలు ఒక కాగితం మీద రాసి తెస్తే, అక్కడి నుంచి వాళ్లతో కలిసి మేం వెతుకుతాం. పని అయిపోయాక బ్యాటరీ క్లిప్ తీయడం మాత్రం అలవాటు చేయండి. మోగకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా 555 కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది, కొద్ది రోజుల్లో బ్యాటరీ ఖాళీ.

ఇంకా ఉత్సాహం ఉంటే

ఇదే ఐసీతో స్వరం కూడా పలికించవచ్చు. దీనికి 10 కిలో ఓంల రెసిస్టర్లు రెండు, 104 అని రాసిన బిళ్ల కెపాసిటర్ ఒకటి, 8 ఓంల చిన్న స్పీకర్ ఒకటి కొనాలి. బటన్, బజర్, టైమర్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసేయండి. మిగతావి కదపొద్దు. ఒక 10 కిలో ఓం ప్లస్ నుంచి ఖాళీగా ఉన్న 7వ పిన్నుకి, రెండోది 7 నుంచి 6కి, 104 కెపాసిటర్ 2 నుంచి మైనస్‌కి. 3వ పిన్ నుంచి 100 ఓంలు, దాని తర్వాత తీసేసిన 100 మైక్రోఫారడ్ (ప్లస్ కాలు ఐసీ వైపు ఉండేలా), దాని తర్వాత స్పీకర్, అక్కడి నుంచి మైనస్‌కి. ఇప్పుడు డ్రమ్ము నిండడం, ఖాళీ అవడం తనంతట తానే సెకనుకి సుమారు 480 సార్లు జరుగుతుంది. అదే మనకి ఒక స్వరంలా వినిపిస్తుంది. మరీ పెద్ద శబ్దం రాదు, పక్క ఫ్లాట్ వాళ్లు ఫిర్యాదు చేయరు.

ఆఖరి మెట్టు పిల్లలకి అన్నిటికన్నా నచ్చేది. 7కీ 6కీ మధ్య ఉన్న 10 కిలో ఓంలు తీసేసి, అక్కడి నుంచి రెండు పొడుగు తీగలు బయటికి లాగండి. తెల్ల కాగితం మీద నల్లగా రాసే మెత్తని పెన్సిల్‌తో అగ్గిపుల్లంత వెడల్పున ఒక పట్టీ గీసి, ఒకే చోట మళ్లీ మళ్లీ రుద్ది నల్లగా మెరిసేలా చేయండి. ఒక తీగ కొనని పట్టీ చివర అదిమి పట్టుకుని, రెండో కొనని పట్టీ మీద మెల్లగా జరపాలి. కొనలు దగ్గరగా ఉంటే సన్నని కీచు స్వరం, దూరం జరిగేకొద్దీ బొంగురు. వాహకం పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుందని పదో తరగతి పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. దాన్ని చెవులతో వినడానికి ఒక పెన్సిల్, ఒక కాగితం చాలు. స్వరం రాకపోతే పట్టీ ఇంకాస్త ముదురుగా దిద్దండి.